మగ్గం లెక్కలో ఒకటి

నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు. ఎమ్మిగనూరులో మా ఇంట్లో ఒక మగ్గం ఉండేది. పడుగుకు ఎన్ని పోగులు కావాలో నాయన నోటితో చెబుతుంటే నేను గోడ మీద బొగ్గుతో గీతలు గీసి కూడేవాణ్ణి. నూట ఇరవై పోగులు ఒక పుంజం. పుంజాల్లో కూడటం వచ్చినవాడికి అడుగులూ అంగుళాలూ పెద్ద కష్టం కాదు. పదో తరగతి రెండుసార్లు తప్పాక ఆదోనికి వచ్చి, దుకాణాల బోర్డులు రాసే పెయింటర్ల దగ్గర చేరాను. నా చేతిరాత చూసి వాళ్ళు కుంచె ఇవ్వలేదు, టేపు ఇచ్చారు. గోడ కొలిచి, ఏ అక్షరం ఎన్ని అంగుళాలు రావాలో సుద్దముక్కతో గుర్తు పెట్టడం నా పని. ఆస్పరి రోడ్డులో నలభై అడుగుల ప్రకటన గోడను నేనొక్కణ్ణే కొలిచానని ఇప్పటికీ చెప్పుకుంటాను. నేను కొలిచిన ఏ బోర్డులోనూ చివరి అక్షరం అంచుకు ఇరుక్కోలేదు.

తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి. ఫ్లెక్సు మీద అక్షరాలను ఎవరూ కొలవనక్కరలేదు, అవే సర్దుకుంటాయి. మా ఐదుగురు పెయింటర్లకూ పని పోయింది. నాకు వాళ్ళకంటే ఒక నెల ముందే పోయింది. పని లేనివాళ్ళు ఒకచోట కూర్చుంటే జనం ఏదో ఒకటి అంటారు, కూర్చున్నదానికి ఒక పేరుంటే అనరు. దూది మిల్లు మూతపడ్డాక ఖాళీగా ఉన్న ఒక గోదామును అడిగి తీసుకుని, తలుపు మీద ‘కళాకేంద్రం’ అని రాసుకున్నాం. ఆ బోర్డు కూడా నేనే కొలిచాను.

రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒకాయన మాలో చేరాడు. ఇంగ్లీషు వచ్చినవాడు ఆయన ఒక్కడే కాబట్టి కార్యదర్శి అయ్యాడు. లోకంలో చాలాచోట్ల కళాకారులే నడుపుకునే కేంద్రాలు ఉన్నాయనీ, అవి ఒకదానితో ఒకటి ఒప్పందం చేసుకుని, వీళ్ళ మనిషి అక్కడా వాళ్ళ మనిషి ఇక్కడా కొన్నాళ్ళు ఉండి పని చేసుకుంటారనీ, దాన్ని రెసిడెన్సీ అంటారనీ ఆయనే కనిపెట్టాడు. ఐరోపాలో చలి సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరి కేంద్రానికి ఉత్తరం రాశాడు. వాళ్ళది పాత చేపల గోదాము, మాది పాత దూది గోదాము. ఇద్దరికీ గోదాము తప్ప ఏమీ లేకపోవడం ఒప్పందానికి గట్టి పునాది అని వాళ్ళు జవాబు రాశారు.

ఒప్పందంలో ఇరవై మూడు నిబంధనలు ఉన్నాయి. అన్నిటికంటే నాకు నచ్చింది నాలుగోది: ఒకరికి ఒకరు. వాళ్ళ మనిషి ఒకరు నలభై రోజులు ఇక్కడ, మా మనిషి ఒకరు నలభై రోజులు అక్కడ. రెండు పక్కలా సరిపోయే లెక్క చూస్తే నాకు కడుపు నిండినట్టు ఉంటుంది. ఫారం నింపే పని నాకే అప్పగించారు. ‘మీ కేంద్రంలో కళాకారుల సంఖ్య’ అని ఒక గడి ఉంది. ఐదు అని రాయబోతే మాస్టారు ఆపాడు.

“ఐదంటే మరీ తక్కువ కనబడ్తాదప్పా. వాళ్ళు నలభై మంది అంట. నీ ఎమ్మిగనూరు నేతగాళ్ళను కలుపు.”

మా వీధిలో ఇంకా ఆడుతున్న మగ్గాలు పదకొండు. అందరినీ అడిగాను, అందరూ సరేనన్నారు. ఐదూ పదకొండూ పదహారు. పదహారు అని రాశాను. మా వీధిలో మనుషుల్ని అడగరు, మగ్గాల్ని అడుగుతారు. పెళ్ళి సంబంధానికి వచ్చినవాళ్ళు కూడా ‘మీవి ఎన్ని మగ్గాలు’ అనే అడుగుతారు. మా నాయనది ఒక మగ్గం. నేసేది ఆయన, కండెలు చుట్టేది అమ్మ, పడుగు సరిచేసేది అవ్వ. లెక్కలో ఒకటి. అందులో తప్పుందని నాకు ఎప్పుడూ తోచలేదు.

వాళ్ళ మనిషి ముందు వచ్చింది. ఆమెకు నలభై ఐదేళ్ళు ఉంటాయి, పొడుగ్గా, తక్కువ మాటలతో ఉండే మనిషి. స్టేషనులో స్వాగతం చెప్పడానికి మేం పట్టుకుపోయింది ఫ్లెక్సు. చేత్తో బోర్డు రాయాలని పదిహేను రోజుల ముందే తీర్మానం చేసుకున్నాం. ఐదుగురు పెయింటర్లలో ఒక్కొక్కడూ మిగతా నలుగురు రాస్తున్నారనుకున్నాడు. చివరికి ముందు రోజు మధ్యాహ్నం పెద్ద పెయింటరే పోయి నాలుగడుగుల ఫ్లెక్సు కొట్టించుకొచ్చాడు. అది పట్టుకుని ఐదుగురూ ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఆమె ముచ్చటపడి ఫొటో తీసుకుంది. ఏ ముచ్చటో మేం అడగలేదు.

ఆమె పని గురించి మాస్టారు తెలుగులో చెప్పినది నాకు అర్థమైనంతవరకు ఇది: ఆమె నిశ్శబ్దం మీద పని చేస్తుంది. అందుకు ఆదోనికి వచ్చింది. మా గోదాముకు ఒక పక్క ఆటోల స్టాండు, ఒక పక్క మసీదు మైకు, ఎదురుగా కొత్తగా పెట్టిన ఇనుప తలుపుల షెడ్డు. ఆమె తొమ్మిది రోజులు ఒక కుర్చీ వేసుకుని గోదాము మధ్యలో కూర్చుంది.

“పనెప్పుడు మొదలుపెడ్తాదో అడగప్పా మాస్టరూ,” అన్నాడు పెద్ద పెయింటరు ఏడో రోజు.

“మొదలుపెట్టింది. ఇదే పని.”

“కూసునేదా?”

“ఊఁ.”

“అట్లయితే ఫ్లెక్సులొచ్చినప్పటి నుంచి మనం ఐదుమందిమీ సేస్తాండేది అదే గదా. మనల్నెవరు పిలిసినారు?”

పదో రోజు ఆమెను ఎమ్మిగనూరు తీసుకుపోయాను. నిశ్శబ్దం దొరక్కపోయినా కనీసం వేరే చప్పుడు దొరుకుతుందని. మా వీధిలో మూడో ఇంట్లో గుంట మగ్గం మీద ఒక చీర నడుస్తోంది. ఆ ఇంటాయన నాకంటే నాలుగేళ్ళు చిన్న. మంచి పనివాడు, మంచి పనివాణ్ణని అందరికీ చెప్పేవాడు కూడా. గోడ పక్కన రాట్నం దగ్గర కూర్చుని ఆయన భార్య కండెలు చుడుతోంది. చుడుతూనే ఆమె అంకెలు చెబుతుంది. “మూరు, ఒందు, మూరు, ఐదు.” ఆమె పుట్టిల్లు హాలహర్వి దాటాక కర్ణాటక పక్క. ఆ చీర అంచు ఆమె పుట్టింటిది, కాగితం మీద లేదు. ఆమె ఎన్ని చెబితే ఆయన అన్ని పోగులు ఎత్తి, వాటి కిందుగా కండె ఉన్న నాడె తోస్తాడు. ఆయనకు వచ్చిన కన్నడం మొత్తం ఆ అంకెలే.

మా అతిథి మొదటి రోజు మగ్గాన్ని చూసింది. రెండో రోజు ఆయన చేతుల్ని చూసింది. మూడో రోజు నుంచి కుర్చీ తిప్పుకుని ఆయన భార్య వైపు కూర్చుంది. మిగిలిన రోజులన్నీ పొద్దున బస్సుకు ఎమ్మిగనూరు పోయి సాయంత్రం తిరిగి వచ్చేది. ఆఖరి వారం మాస్టారితో ఒక మాట చెప్పింది: తిరుగు మనిషిగా ఆ మగ్గాన్ని పంపండి.

పెయింటర్లు ఐదుగురూ ఎవరికి వారు తామే పోతామనుకుంటున్నారు కాబట్టి, ఎవరూ పోకపోవడం అందరికీ కాస్త ఊరటే అయ్యింది. ఫారం తీసుకుని నేను ఎమ్మిగనూరు పోయాను. ‘వచ్చే కళాకారుల సంఖ్య’ అని గడి. ఒకటి అని రాశాను. పేరు దగ్గర, నేత సంఘం కార్డులో ఎలా ఉందో అలాగే, ఆయన పేరు రాశాను. ఆమె రాట్నం ఆపి అడిగింది.

“నన్ను యాడ రాసినావన్నా?”

“నువ్వు మగ్గంలోనే ఉండావు గదమ్మా. మగ్గం ఒకటి.”

“మగ్గం ఇమానం ఎక్కుతాదా?”

“ఎక్కదు. ఆడ మగ్గం ఉండాదంట. మడిసి పోతే సాలు.”

“ఒక మడిసి పోతే అంచు రాదన్నా. ఆయప్పకు ఐదో వరస తర్వాత జ్ఞాపకం ఉండదు.”

“నువ్వు సెప్పేది నాలుగు అంకెలు,” అన్నాడు ఆయన గుంటలోంచి. “దానికి ఇమానం టికెట్టు ఎందుకు? అన్న రాసిస్తాడు, సదువుకుంటా.”

ఆమె నా వైపే చూసింది. “నాగ్గూడా పోవాలని ఉండాదన్నా. ఊరు సూసేకి కాదు. ఆ అంచు మాయమ్మది. అది యాడికి పోతే ఆడికి నేను పోవాల గదా.”

ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు. కానీ నాలుగో నిబంధన నా కళ్ళ ముందు ఉంది. వాళ్ళు ఒకరిని పంపారు. మేం ఇద్దర్ని పంపితే లెక్క ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ మాటే చెప్పాను, గర్వంగానే చెప్పాను.

“నీ లెక్క సరిగానే ఉందిలే అన్నా,” అందామె. “మడిసే తక్కువయినాది.” మళ్ళీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.

రెండు ఆదివారాలు కూర్చుని ఆమె చెబుతుంటే అంచు మొత్తం నోటు పుస్తకంలోకి ఎక్కించాను. డెబ్బై రెండు వరుసలు. వరుస వరుసకూ కింద గీత. తిరిగి చదివి వినిపిస్తే ఆమె ఒక్కటే అడిగింది.

“నేను యాడ ఆగినానో అది రాసినావా?”

“ఆగింది అంకె కాదు గదమ్మా, ఎట్ల రాసేది?”

ఆమె నవ్వింది. ఆ నవ్వును కూడా నేను రాసుకోలేదు.

ఆయన ఒక్కడే విమానం ఎక్కాడు. చేపల గోదాములో వాళ్ళు ఎక్కడి నుంచో ఒక చెక్క మగ్గం తెచ్చి నిలబెట్టారు. నేలలో గుంట తవ్వడానికి మునిసిపాలిటీ ఒప్పుకోలేదట, అందుకని మగ్గాన్నే ఎత్తు పెంచి గుంట ఉందనుకునేలా చేశారు. నాలుగో రోజు మధ్యాహ్నం నేను వాళ్ళ ఇంట్లో ఉండగా ఆయన వీడియో కాల్ చేశాడు. నా నోటు పుస్తకం ఆయన ఒళ్ళో ఉంది.

“అన్నా, నీ బుక్కులో తప్పుంది.”

“ఉండదు.”

“పన్నెండో వరస కాడ అంచు వంకర పోతాంది. నాలుగుసార్లు ఇప్పినా.”

నేను మూడుసార్లు కూడి చూశాను, అంకె తప్పలేదు. ఫోను ఆమెకు ఇచ్చాను. ఆమె అంకెలు చూడలేదు, ఆయన్ను ఒకసారి నేయమంది. పోగును బిగించే పలక దెబ్బ వినబడింది. ఇంకోసారి నేయమంది, విన్నది.

“ఈడ దారం బిగువుండాది, రెండు దెబ్బలు కొట్టినంక ఆగల్ల. ఆడ సలికి సడలినట్లుంది. ఒక దెబ్బకే ఆగు. నేను సెప్పేదంకా ఎత్తొద్దు.”

అలా మొదలైంది. మనకు మూడున్నర అయితే వాళ్ళకు పన్నెండు. రోజూ మూడున్నరకు ఆమె రాట్నానికి ఫోను ఆనించుకుని కూర్చునేది. ఇక్కడ కండెలు చుడుతూ అక్కడి అంచు చెప్పేది. ఎక్కడ ఆగాలో దెబ్బ విని తేల్చుకునేది. వాళ్ళ కేంద్రం మనుషులు మొదట ఇద్దరు ముగ్గురు వచ్చి విన్నారు, తర్వాత కుర్చీలు వేశారు. ఆ చలి ఊళ్ళో కొందరు ఏడు దాకా కన్నడంలో లెక్కపెట్టడం నేర్చుకున్నారట. ఆయన ఆ సంగతి చెప్పి, “నాకంటే వాళ్ళకే తొందరగా వచ్చింది,” అన్నాడు, కొంచెం నొచ్చుకున్నట్టు.

ముప్పయ్యో రోజున మా అతిథి దగ్గర నుంచి మాస్టారికి ఉత్తరం వచ్చింది. ముగింపు రోజున జనాన్ని పిలిచి నేత చూపిస్తారు, గోడ మీద పేరు రాస్తారు, ధ్రువపత్రం ఇస్తారు. ‘మీ ఫారంలో కళాకారుల సంఖ్య ఒకటి అని ఉంది. మాకు రోజూ ఇద్దరు వినబడుతున్నారు. దయచేసి సరిచూడగలరు.’ సరిచూడటం అనే మాట నా జీవితంలో నన్నెవరూ అనలేదు.

నేను రెండు అని దిద్ది పంపాను. వాళ్ళు వెనక్కి పంపారు. పదిహేడో నిబంధన ప్రకారం, ఫారంలో ఉన్న కళాకారుడు సంతకం పెడితేనే సంఖ్య మారుతుంది. అంటే ఈ మగ్గం ఒక మనిషిది కాదు, ఇద్దరిదీ అని ఆయన రాసి సంతకం పెట్టాలి. ఫోనులో చెబితే ఆయన నోటు పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

“కార్డులో నా పేరొక్కటే ఉండాదన్నా. మా నాయన పేరు తీసి నా పేరు రాసినారు. ఇప్పుడు ఇది రాసిస్తే ఊర్లో ఏమంటారు? పెండ్లాము సెప్తే నేసేటోడు అంటారు.”

“ఇప్పుడేమంటాండారు?” అని పక్కనుంచి ఆమె అడిగింది.

ఆయన ఫోను పెట్టేశాడు. మర్నాడు మామూలుగా పన్నెండుకు చేశాడు, ఆమె మామూలుగా అంకెలు చెప్పింది. సంతకం మాట ఇద్దరూ ఎత్తలేదు. మిగిలిన రోజులన్నీ అలాగే గడిచాయి. డెబ్బై రెండు వరుసల్లో డెబ్బై అయిపోయాయి. రెండు వరుసలు ముగింపు రోజు జనం ముందు నేయడానికి ఉంచారు.

ఆ మధ్యాహ్నం నేను ఎమ్మిగనూరులో ఆ ఇంట్లోనే ఉన్నాను. ఫోనులో తెల్లటి గది కనబడింది, చాలా కుర్చీలు, అన్నిట్లో మనుషులు. మా అతిథి గోడ పక్కన నిలబడి ఉంది. ఆయన మగ్గం మీద, కొత్త చొక్కాలో. అక్కడ మా ఫోను బొమ్మను పెద్ద తెర మీద వేశారట. రాట్నం దగ్గర ఆమె ఆ గదిలో గోడంత ఉంది. మొదటి వరుస చెప్పింది, అది ఎక్కింది. రెండో వరుస దగ్గర ఆయన చేతులు పైకి లేపి ఆగాడు.

ఆమె రాట్నం ఆపింది. కండె తీసి ఇంకో కండె పెట్టింది. రాట్నం తిప్పింది.

“సెప్పు,” అన్నాడాయన.

ఆమె కండె చుడుతోంది.

“ఏమే, వినబడ్తాందా?”

“వినబడ్తాంది. సంతకం పెట్టేదంకా లెక్క సెప్పను.”

నేను గడియారం చూసుకున్నాను. అక్కడ ఎవరికీ తెలుగు రాదు. కుర్చీల్లో జనం ఒద్దికగా కూర్చున్నారు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఇక్కడ పక్కింటి మగ్గం చప్పుడు, అక్కడ ఎవరో దగ్గారు. ఐదో నిమిషంలో నాకే భయం వేసింది.

“అమ్మా, ఆడ శానామంది కాసుకోనుండారు,” అన్నాను మెల్లగా.

“కాసుకోనీ అన్నా. నేను ఇరవై రెండేండ్లు కాసుకోలేదా.”

“మాయమ్మ అంచు మీదొట్టు,” అన్నాడు ఆయన, “ఈడ నన్ను నగుబాటు సేయొద్దు.”

“మీయమ్మది కాదు. మాయమ్మది.”

ఆయన తల దించుకున్నాడు. పోగులు ఎత్తబోయాడు. ఎన్ని ఎత్తాలో తెలియలేదు, చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. అది ఆ గది మొత్తానికీ కనబడింది. నా నోటు పుస్తకం బల్ల మీదే ఉంది, ఆయన దాని వైపు చూడను కూడా చూడలేదు. పదకొండో నిమిషంలో మగ్గం దిగి మా అతిథి దగ్గరికి పోయి చేతితో రాత సైగ చేశాడు. ఆమె దగ్గర ఆ కాగితం సిద్ధంగానే ఉంది. ఆయన రాసి, సంతకం పెట్టి, కాగితాన్ని ఫోను ముందుకు తెచ్చాడు.

“సరిగా ఉందా అన్నా?” అని ఆమె నన్ను అడిగింది. ఆమెకు చదువు రాదు.

నేను కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. “ఉందమ్మా. రెండు అని అంకెలో రాసినాడు, అక్షరాల్లోనూ రాసినాడు. కింద సంతకం.”

ఆమె రాట్నం మీద చెయ్యి ఆపింది. ఆయన మగ్గం ఎక్కేదాకా చూసింది.

“మూరు,” అంది.

అంచు అయిపోయాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత ఉత్తరం వచ్చింది: కార్యక్రమం మొత్తంలో ఆ పదకొండు నిమిషాల నిశ్శబ్దం అందరినీ కదిలించింది, అది ముందే అనుకున్నదా? నలభై రోజులు ఆదోనిలో, ఎమ్మిగనూరులో వెతికినా దొరకనిది తన సొంత గోదాములో దొరికిందని మా అతిథి విడిగా రాసింది. మాస్టారు జవాబులో, ముందే అనుకున్నదేనని రాశాడు. రాట్నం దగ్గర కూర్చున్నామె ముందే అనుకుని ఉంటుంది కాబట్టి అది అబద్ధమని నేను అనలేను.

ధ్రువపత్రం మీద రెండు పేర్లు వచ్చాయి. ఆయన దాన్ని పటం కట్టించాడు, మగ్గం ఎదురుగా కాకుండా వెనక గోడకు వేశాడు. గుంటలో కూర్చున్నవాడికి అది కనబడదు. రాట్నం దగ్గర కూర్చుంటే కనబడుతుంది. ఎందుకని నేను అడగలేదు. ఇప్పుడు ఆయన ఊళ్ళో చెప్పుకునే మాట: “అంచు మా ఆడోళ్ళది, నేసేటోణ్ణి నేను.” ఆయన పంతం సగం దిగినట్టే.

ఇప్పుడు ఒప్పందం తిరిగి రాసుకునే ఫారం వచ్చింది. ‘మీ కేంద్రంలో కళాకారుల సంఖ్య.’ పదహారు అని రాయడానికి చెయ్యి రాలేదు. మా వీధికి పోయి పదకొండు ఇళ్ళూ తిరిగాను. మగ్గం ఎన్ని అని అడగలేదు, మగ్గం మీద ఎవరెవరు ఏమేం చేస్తారని అడిగాను. ఒక్కో ఇంట్లో చాపలు వేశారు, టీలు ఇచ్చారు, పొరపాటున ఇంకొకరి పేరు మరిచిపోయామని వెనక నుంచి పిలిచారు. ముప్పయి మూడు తేలారు. మా అమ్మా అవ్వా ఆ లెక్కలోకి రారు, మా మగ్గం ఎప్పుడో తీసేశాం.

ముప్పయి మూడూ, ఐదుగురు పెయింటర్లూ, ముప్పయి ఎనిమిది. గోదాములో ఈ అంకె చదివి వినిపిస్తే పెద్ద పెయింటరు తల గోక్కున్నాడు. ఆయన భార్య ఇరవై ఏళ్ళు బోర్డులకు మొదటి పూత పూసింది, ఆమె పూసిన బోర్డు మీద రంగు ఎండకు పొట్టు లేచేది కాదు. ముప్పయి తొమ్మిది. మిగతా నలుగురి ఇళ్ళలో ఎవరున్నారో రేపు కనుక్కుని చెబుతామన్నారు.

ఇంటికి వచ్చి ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నా భార్య చేటలో బియ్యం ఏరుతూ, ఏమిటి ఇంకా తెగలేదా అని అడిగింది. మొత్తం చెప్పాను. ఆస్పరి రోడ్డు గోడ సంగతి కూడా మధ్యలో వచ్చింది, నేనొక్కణ్ణే కొలిచిన గోడ.

ఆమె చేట కింద పెట్టలేదు. “నలభై అడుగులు,” అంది. “ఆ పక్క టేపు ఎవరు పట్టుకోనుండ్రి?”

ఫారం గడువు ఇంకా తొమ్మిది రోజులు ఉంది. ఆ గడిని ఖాళీగానే ఉంచాను.